కడగని మందు పంపు

మా తోటికోడలికి కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది. ఆ పేరుతో పిలిస్తే మా వీధిలో ఎవరూ తిరిగి చూడరు, ఒక్కోసారి తనే చూడదు. అందరికీ తను బెదురమ్మ. ఆ పేరు పెట్టిన పుణ్యం నాదే. కాపురానికి వచ్చిన మొదటి వారం, పొయ్యి మీద కుక్కర్ కూత వేయగానే చేతిలో పళ్ళెం కింద పడేసి పెరట్లోకి పరుగెత్తింది. "ఇదెక్కడి బెదురు గొడ్డమ్మా మా ఇంటికి దాపురించింది" అన్నాను. ఆ మాట గోడ దూకి వీధిలో పడింది. ఇరవై రెండేళ్ళయింది, ఇంకా వీధిలోనే తిరుగుతోంది.

తన భయాలన్నీ రాస్తే ఒక నోటుబుక్కు చాలదు. ఉరుమంటే భయం, కుక్కంటే భయం, తెలియని నంబరు నుంచి ఫోను మోగితే భయం. సంతకమంటే మరీ భయం. కాగితం తను మూడుసార్లు చదివి, నాతో ఒకసారి చదివించి, అప్పుడు గానీ కలం ముట్టదు. నేనేమో నోరున్నదాన్ని. కరెంటు ఆఫీసులో గుమాస్తాతోనో, బస్సులో కండక్టరుతోనో నేను పోట్లాడుతుంటే వెనక నిలబడి నా కొంగు లాగేది. "వద్దక్కా, పోదాం రా అక్కా." నా చీరల కొంగులన్నీ దీని చేతిలోనే చిరిగాయి.

మామగారు పోయాక ఉన్న రెండెకరాలూ అన్నదమ్ములకు చెరో ఎకరం వచ్చింది. మధ్యలో ఒక గట్టు. ఎకరంతో ఇల్లు గడవదని తేల్చేసుకుని మా ఆయన పట్నంలో గోడౌన్ కాపలాకు, మరిది లారీ మీదికి వెళ్ళిపోయారు. గట్టుకు ఇటు నేనూ అటు తనూ మిగిలాం. తన సేద్యమంతా భయంతోనే. నారు పోశాక మొలవదేమోనని, మొలిచాక చచ్చిపోతుందేమోనని, వాన రాకపోతే రాలేదని, వస్తే ఆగదేమోనని. నేను ఎగతాళి చేసేదాన్ని. కానీ న్యాయంగా చెప్పాలంటే, ఎకరం మీద బతికేవాళ్ళు భయపడకుండా ఎలా ఉంటారో నాకూ తెలియదు. నేను అరిచేదాన్ని, తను వణికేది, అంతే తేడా.

ఒక ఏడాది టమాటా విరగకాసింది. మాకొక్కళ్ళకే కాదు, అందరికీ. పెట్టెలు ఎత్తించి మార్కెట్టుకు తీసుకెళ్తే వ్యాపారి కుర్చీలోంచి లేవను కూడా లేదు. "దించకండమ్మా, మళ్ళీ ఎత్తే కూలి కూడా దండగ" అన్నాడు. తిరిగొచ్చే దారిలో కాలవ గట్టున పారబోశాం. ఎర్రగా, గట్టిగా, ఒక్క మచ్చ లేని కాయలు. ఆ తర్వాత చాలా రోజులు తను చేనుకు బయల్దేరే ముందు గుమ్మం దగ్గర ఆగి ఊపిరి బిగబట్టుకునేది. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని.

సంఘం వచ్చాక కొంచెం తెరిపిన పడ్డాం. చుట్టుపక్కల చిన్న రైతులం పదకొండు మందిమి కలిశాం. మా పెద్ద ఒక దర్జీ. ఉదయం చేను, సాయంత్రం కుట్టుమిషను. అందరం దర్జీ అన్నయ్య అంటాం. పట్నంలో పెద్ద హాస్టల్ వంటశాల వాళ్ళతో మాట్లాడి వచ్చింది ఆయనే. విత్తనం వేయకముందే ధర చెప్పేస్తారు. పంట విరగకాసినా, అరకొరగా వచ్చినా అదే ధర. వారానికోసారి వాళ్ళ బండే వచ్చి ఎత్తుకెళ్తుంది. షరతులు రెండు. ఒకటి, చేనులో రసాయనం చుక్క పడకూడదు. రెండోది, కనీసం పది చేల సరుకు లేకపోతే బండి రాదు, వాళ్ళకు డీజిలు కూడా గిట్టదు. మేం పదకొండు మంది. ఒకరు తగ్గినా ఎలాగో నెట్టుకొస్తాం. ఇద్దరు తగ్గితే అందరం మళ్ళీ ఆ కాలవ గట్టుకే.

ప్రతి పంటా పరీక్ష చేయించుకునే తాహతు మాకెక్కడిది? అందుకని ఒకరికొకరం పూచీ ఉంటాం. ఇద్దరిద్దరు జంట. నా చేను బెదురమ్మ చూడాలి, తన చేను నేను చూడాలి. వరసల్లో నడిచి, ఆకులు తిప్పి చూసి, కాగితం నింపి సంతకం పెట్టాలి. దర్జీ అన్నయ్యది పదకొండోది, ఆయన చేను అందరం చూస్తాం. ఆ తర్వాత వచ్చే ఆదివారం ఆయన వసారాలో కూర్చుని, ఎవరి కాగితం వాళ్ళు లేచి పైకి చదవాలి. 'నా చేనులో మందు పడలేదు' అని పదిమంది మొహాల్లోకి చూస్తూ అనాలి. పొరపాటు జరిగి, తనంతట తాను చెప్పుకుంటే ఆ చేను ఒక్కటే మూడేళ్ళు బయట ఉంటుంది. దాచిపెట్టాక హాస్టల్ వాళ్ళ పరీక్షలో దొరికితే మాత్రం పదకొండు చేలూ బయటే.

చేరేటప్పుడు అందరూ పాత మందు పంపులు సంఘానికి అప్పగించారు. కషాయాలు కొట్టుకోవడానికి సంఘమే రెండు కొత్తవి కొంది. నేను మాత్రం నాది అప్పగించలేదు. పాడైపోతే పాతసామాన్లవాడికి వేశానని చెప్పి అటక ఎక్కించాను. ఎందుకంటే ఏం చెప్పను? వస్తువు బాగుంది, ఎప్పుడైనా పనికొస్తుందని. మా ఇంట్లో విరిగిన గొడుగు కూడా పారేయం.

ఆ ఏడు నేను మొక్కజొన్న వేశాను, తను టమాటా. నా మొక్కజొన్న నడుమెత్తు పెరిగేసరికి మొవ్వుల్లో పురుగు పడింది. అటు టమాటా మీద తెల్లదోమ ముసిరింది. సంఘం పంపుల్లో ఒకటి వాషరు పోయి పట్నంలో బాగుచేతకు వెళ్ళింది, రెండోదానికి మా ముందు ఆరుగురున్నారు. మన వంతు వచ్చేదాకా పురుగు నోరు కట్టుకుని కూర్చుంటుందా? సోమవారం అటక మీంచి నా పంపు దించాను. ట్యాంకులో నీళ్ళు పోసి, ఒకసారి గిలకొట్టి పారబోశాను. వెల్లుల్లి, మిరపకాయల కషాయం నింపి నా చేనంతా కొట్టాను. మంగళవారం పొద్దున అదే పంపు గట్టు దాటించి తనకిచ్చాను.

తను అందుకోలేదు. రెండడుగులు వెనక్కి వేసింది.

"ఇది అప్పగించలేదా అక్కా?"

"ఇప్పుడా పురాణమెందుకు? దోమ చూశావా, రేపటికి ఆకు మిగలదు."

"ఇందులో ఇదివరకు కలుపు మందు కొట్టేవాళ్ళం కదా. కడిగావా?"

"కడిగాను."

"గొట్టం కూడానా? సబ్బు పెట్టి కడిగావా?"

"కడిగానన్నానుగా!"

తను ఇంకా అక్కడే నిలబడింది. "నిజంగా కడిగావా అక్కా?" అని మూడోసారి అడిగింది.

నాకు ఒళ్ళు మండింది. "నీ బెదురుతో చస్తున్నానే తల్లీ! కొడితే కొట్టు, లేకపోతే చేనంతా దోమకే రాసిచ్చెయ్" అని పంపు గట్టు మీద పెట్టి వచ్చేశాను. కాసేపటికి వెనక్కి తిరిగి చూస్తే, వీపుకు తగిలించుకుని మొదటి వరస కొడుతోంది.

శుక్రవారం తెల్లవారగానే నా తలుపు చప్పుడైంది. తను తలుపు కూడా గోటితోనే కొడుతుంది, లోపలివాళ్ళు కోప్పడతారేమోనని. తీయగానే నా చెయ్యి పట్టుకుని చేనుకు లాక్కెళ్ళింది.

టమాటా చిగుళ్ళన్నీ మెలితిరిగి ఉన్నాయి. కొత్త ఆకులు వెడల్పు లేకుండా దారాల్లా సాగాయి, లేత కొమ్మలు మెడలు వంచేశాయి. అదేమిటో నాకు చూడగానే తెలిసింది. ఆ కలుపు మందు గడ్డి జాతిని ఏమీ చేయదు, వెడల్పాకు మొక్కనే మెలిపెట్టి చంపుతుంది. అందుకే వెనకటికి దాన్ని మొక్కజొన్నలో కొట్టేవాళ్ళం. ట్యాంకు కడిగినా గొట్టంలో, వాషర్లలో పట్టుకుని ఉండి, రాత్రంతా తడిలో నానాక మళ్ళీ వదులుతుంది. టమాటాకు ఆ తడి చాలు. గట్టుకు ఇవతల, సోమవారం అదే పంపుతో కొట్టిన నా మొక్కజొన్న మాత్రం ఏ పాపం ఎరగనట్టు నిటారుగా, పచ్చగా నిలబడి ఉంది.

"ఆకుముడతేమో," అన్నాను. నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టు వినిపించింది. "దోమ మోసుకొచ్చే తెగులు. ఏటా వచ్చేదేగా."

తను నన్ను చేను అవతలి చివరికి తీసుకెళ్ళింది. అక్కడి మొక్కలు ఇంచుమించు బాగానే ఉన్నాయి.

"నేను కొట్టడం మొదలుపెట్టింది ఆ వైపు నుంచక్కా. ఆ వరసలే బాగా పోయాయి. ఇటు వచ్చేసరికి గొట్టం కడుక్కుపోయింది. తెగులైతే ఇలా వరస చూసుకుని వస్తుందా?"

'కడిగానన్నావుగా' అంటుందని ఎదురుచూశాను. అనలేదు. అని ఉంటే నాలుగు మాటలు ఎదురు అరిచి బయటపడేదాన్ని. అనకపోయేసరికి నాకు కాళ్ళు చేతులు ఆడలేదు.

ఆ అయిదారు రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. వీధిలో సైకిలు బెల్లు మోగితే దర్జీ అన్నయ్యే వస్తున్నాడనిపించేది. కిరాణా కొట్లో ఎవరో "మొక్కజొన్న బాగుందట కదా వదినా" అంటే, "ఎవరన్నారు? ఎందుకడుగుతున్నారు?" అని గద్దించాను. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. పంపును గోనెసంచిలో చుట్టి, అటక మీద ఇంకా లోపలికి తోసేశాను. తోశాక, ఎవరైనా అటక చూస్తారేమోనని మరో భయం.

బుధవారం చేలు చూసే రోజు. తన వరసల్లో నేను నడిచాను. కాగితం మీద 'ఆకుముడత' అని రాసి సంతకం చేశాను. రాసింది తను చూసింది, "సరే అక్కా" అంది. తర్వాత నా మొక్కజొన్నలోకి దిగింది. ఒక్క వరస వదలకుండా నడిచింది, ఆకులు తిప్పింది. గట్టెక్కి నా కాగితం మీద 'ఏ మచ్చా లేదు' అని రాసి, కింద సంతకం చేసింది. మూడుసార్లు చదవలేదు, ఒక్కసారి కూడా చదవలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. కానీ నా ప్రాణం కుదుటపడిన ఆనందంలో నాకింకేమీ కనబడలేదు.

ఆదివారం సాయంత్రం వసారాలో ఎప్పటిలాగే మిషను ఒక మూలకు జరిపి, గుడ్డముక్కలు ఊడ్చి చాప వేశారు. ఒకరి తర్వాత ఒకరు లేచి చదివారు. బెదురమ్మ వంతు నా కంటే ముందు. లేచి నిలబడింది. పేరు చదివింది, పంట పేరు చదివింది. చదవడం ఆపి కాగితం నాలుగు మడతలు పెట్టింది.

"అక్క ఆకుముడత అని రాసింది," అంది. "అక్క తెలియక రాసింది. నా చేనులో కలుపు మందు పడింది. కడగని పంపుతో నేనే కొట్టాను."

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఏ పంపమ్మా?" అన్నాడు దర్జీ అన్నయ్య. "మనవాటిలో ఒకటి బాగుచేతలో ఉంది, రెండోది నీ దాకా రాలేదు కదా?"

"సంతలో అద్దెకు తెచ్చానన్నయ్యా."

"ఎవరి దగ్గర?"

"తెలియదు. తిరిగిచ్చేశాను."

అబద్ధమాడితే కళ్ళు పోతాయని ఆ వయసులో కూడా నమ్మే మనిషి, ఒకదాని మీద ఒకటి పేర్చి చెప్పుకుపోయింది. నేను తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనలేదు. దర్జీ అన్నయ్య కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, "నియమం తెలుసు కదమ్మా, మూడేళ్ళు" అన్నాడు. తను తలూపి కూర్చుంది. తర్వాతి వంతు నాది. లేచాను. 'నా చేనులో మందు పడలేదు' అని చదివాను. భయానికి నా గొంతు మామూలు కంటే పెద్దగా వచ్చింది. "ఈవిడకు మైకు అక్కర్లేదు" అని వెనకెవరో అంటే అందరూ నవ్వారు. ఆ నవ్వు నా వీపులో గుచ్చుకుంది.

ఇంటికి నడిచి వస్తుంటే ఆగలేక అడిగాను. "ఎందుకు చేశావే ఇలా? నా పేరు చెప్తే పోయేదిగా."

"నీ చేను కూడా పోతే తొమ్మిదే మిగులుతాయక్కా. బండి రాదు," అంది. "నాది ఎలాగూ కళ్ళకు కనబడుతోంది, దాచలేం. నీది కనబడదు."

"పరీక్షలో దొరికితే?"

"ఆ భయంతోనే నిద్ర పట్టట్లేదు," అని కొంతదూరం నడిచాక మళ్ళీ తనే అంది. "ఇంకొకరు సంఘంలో చేరేదాకా ఆగక్కా. చేరాక చెప్పేయ్. అప్పుడు నువ్వు బయటికొచ్చినా పదిమంది ఉంటారు."

ఎవరు చేరతారులే అనుకున్నాను. ఆ మాట పైకి అనలేదు గానీ, లోపల ఆ ధైర్యంతోనే "సరేలే" అన్నాను.

తను టమాటా మొక్కలు పీకేసి, పాదులు తవ్వుకుంది. మిగిలిన వరసల కాయలు కోసే హక్కు కూడా లేదని తనంతట తానే అవీ పీకేసింది. నా పొత్తులు మాత్రం కోతకొచ్చాయి, బండెక్కాయి. రెండో వారం బండితో పాటు హాస్టల్ మనిషి ఒకడు వచ్చాడు. పెట్టెల మధ్య అటూ ఇటూ తిరిగి, సరిగ్గా నా పెట్టె దగ్గర వంగి, రెండు పొత్తులు తీసి ప్లాస్టిక్ సంచిలో వేసి నంబరు రాసుకున్నాడు. పది రోజుల దాకా ఫలితం రాదన్నాడు. ఆ పది రోజులూ తెలియని నంబరు మోగితే నేనూ ఫోను ఎత్తలేదు. పది ఇళ్ళలో పొయ్యిలు నా మూలంగా ఆరిపోతాయని కళ్ళు మూస్తే చాలు అదే కనబడేది.

ఏమీ తేలలేదు. పొత్తు శుభ్రంగా ఉందని కాగితం వచ్చింది. నేను ఎగురుకుంటూ గట్టు దాటాను. తను వంగి కలుపు తీస్తోంది. "బతికిపోయామే! పొత్తులో ఏమీ లేదట. ఇంకెవరికీ ఏమీ చెప్పక్కర్లేదు" అన్నాను.

తను నడుం పట్టుకుని నిటారుగా నిలబడింది. "మరి నాకు మూడేళ్ళెందుకక్కా?" అంది.

ఇరవై రెండేళ్ళలో నన్ను తను అడిగిన గట్టి మాట అదొక్కటే. కోపంగా కూడా అడగలేదు. నేను మట్టి దులుపుకుంటున్నట్టు నటించి, పనుందని వచ్చేశాను.

ఆ మర్నాటి నుంచి తను కాలవ అవతలికి వెళ్ళడం మొదలుపెట్టింది. అక్కడ అరెకరంలో ఒక ముసలాయన ఆకుకూరలు పండిస్తాడు. బిందెలతో నీళ్ళు మోసి పోసుకుంటాడు, జన్మలో మందు పంపు భుజానికి తగిలించుకోలేదు. పేరెవరికీ తెలియదు, ఆకుకూరల తాత. మనుషులంటే గిట్టదు, ఎవరైనా వస్తారని గేటు దగ్గర ఒక కుక్కను కట్టాడు. కుక్క పిల్లను చూసినా వీధి మారే బెదురమ్మ, ఆ గేటు ముందు గంటలు గంటలు నిలబడిందట. మొదటిసారి తాత తలుపు తీయలేదు. రెండోసారి తిట్టాడు. మూడోసారి కుక్క తాడు తెంచుకుని చీర అంచు చింపింది. ఆరోజు వణికిపోతూ వచ్చి నా గుమ్మంలో కూలబడింది. మంచినీళ్ళిచ్చి, "నీకెందుకే ఈ గొడవ, నీకు సంఘమే లేదుగా" అన్నాను. నా మనసులో ఉన్నది అది కాదు, తాత చేరకూడదని ఉంది. భయపడితే మనిషి ఎంత నీచంగా ఆలోచిస్తుందో నన్ను చూసి తెలుసుకోవచ్చు.

"విత్తనం వేయకముందే ధర చెప్తారని తాతకు అర్థమయ్యేలా చెప్పలేకపోతున్నానక్కా," అంది నీళ్ళు తాగి. "నీకు నోరుంది కదా, ఒకసారి వస్తావా?"

నేను తలనొప్పి అన్నాను.

ఇంకో రెండుసార్లు ఒక్కతే వెళ్ళింది. ఇవాళ మధ్యాహ్నం నా తలుపు చప్పుడైంది. గోటితో కాదు, అరచేత్తో. తీశాను.

"తాత సంతకం పెట్టాడక్కా. తన కూర ఎప్పుడూ సంతలో వాడిపోయి మిగిలిపోతుందట, ధర ముందే చెప్తారంటే నమ్మలేక ఇన్నాళ్ళూ తిట్టాడట," అంది ఒగరుస్తూ. ఆగి, నా మొహంలోకి చూసింది. "ఇప్పుడు పదకొండు మంది. నువ్వు లేకపోయినా బండి ఆగదు."

చెప్పమని అడగనూ లేదు, బతిమాలనూ లేదు. మూడేళ్ళు సంతలో, ఎవడు ఎంతంటే అంతకు అమ్ముకోవాలి. దొంగ అంటారు. తోటికోడలి మీదకు నెట్టి తప్పుకుందంటారు. అందులో ఒక్కటీ అబద్ధం కాదు.

సాయంత్రం వసారా నిండా మనుషులు. తాత ఒక మూల మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. సంఘంలో లేని బెదురమ్మ లోపలికి రాకూడదు కాబట్టి బయట మెట్ల మీద కూర్చుంది, నాకు తన వీపు మాత్రమే కనబడుతోంది. దర్జీ అన్నయ్య కొత్త సభ్యుడి పేరు పుస్తకంలో రాసి, "ఇంకెవరికైనా చెప్పాల్సింది ఉందా?" అని మామూలుగా అడిగి, పుస్తకం మూయబోయాడు.

గోడ పట్టుకుని లేచాను.

"ఆ పంపు సంతలోది కాదన్నయ్యా," అన్నాను. "మా అటక మీదిది."